రంగు మార్చిన పాత సైకిలు ఫ్రేము ఏ కంపెనీదో తేల్చుకోవడం ఎలా

పాత సైకిలుకు మళ్లీ రంగు వేయించిన ప్రతిసారీ ముందుగా పోయేవి కంపెనీ పేరు చెప్పే గుర్తులే. ఏటవాలు గొట్టం మీది బంగారు అక్షరాలు ఉప్పుకాగితం కింద అరిగిపోతాయి. హ్యాండిలు కింద ముందు గొట్టానికి ఉండే ఇత్తడి బిళ్లను పెయింటరు ఊడదీసి కిటికీలో పెడతాడు, అది అక్కడి నుంచి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. రివెట్ల రంధ్రాలను లప్పంతో పూడ్చి పైన ఆకుపచ్చో నీలమో పూసేస్తే, ఇంగ్లండులో పుట్టిన సైకిలుకూ లూధియానాలో పుట్టిన సైకిలుకూ చూపులో తేడా మిగలదు. అయినా రంగు దాచలేనివి ఫ్రేములో చాలానే ఉంటాయి. వాటిని ఏ వరసలో వెతకాలో, దేనిని ఎంతవరకు నమ్మాలో ఇక్కడ వివరిస్తున్నాను. మన ఇళ్లలోనూ పాతసామాను కొట్లలోనూ ఎక్కువగా దొరికేవి 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు ఉన్న నల్ల సైకిళ్లే కాబట్టి ప్రధానంగా వాటి గురించే రాస్తున్నాను.

పనిముట్లు పట్టుకునే ముందు

రంగు మొత్తం గీకించాలనే ఆత్రాన్ని మొదట ఆపుకోండి. ముఖ్యంగా ఇసుక కొట్టించే సాండ్ బ్లాస్టింగుకు ఫ్రేమును ఇవ్వకండి. లోతు తక్కువగా గుద్దిన నంబర్ల అంచులను అది అరగదీస్తుంది, పాత రంగు పొరలను ఒక్క దెబ్బతో తుడిచిపెడుతుంది. మీకు కావలసిన సాక్ష్యం ఆ పొరల్లోనే ఉంది.

మీరు తేల్చవలసిన ప్రశ్నలు రెండని కూడా గుర్తుంచుకోండి: ఏ పేరు, ఏ దేశం. 1950కి ముందు మన ప్రాంతానికి వచ్చిన సైకిళ్లలో అధికభాగం ఇంగ్లండు నుంచి ఓడల్లో దిగినవే. ఆ తరువాత అవే పేర్లతో ఇక్కడే తయారీ మొదలైంది. 1949లో ఏర్పడిన టీఐ సైకిల్స్ మద్రాసు పక్కన అంబత్తూరులో హెర్క్యులిస్ సైకిళ్లు తయారు చేసింది. సేన్-రాలీ కంపెనీ పశ్చిమ బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో రాలీ సైకిళ్లు తయారు చేసింది. సోనీపత్‌లో 1951లో అట్లాస్, లూధియానాలో 1956లో హీరో వచ్చాయి. అందుచేత 'ఇది హెర్క్యులిస్' అని తేలినంత మాత్రాన అది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌దా మన అంబత్తూరుదా అన్నది తేలినట్టు కాదు.

విడదీయండి, ప్రతి దశలో ఫోటో తీయండి

చక్రాలు, మడ్‌గార్డులు, చైన్ కవరు, సీటు, హ్యాండిలు, ఫోర్కు అన్నీ విప్పండి. ఓవరాయిలింగుకు విప్పినట్టే ఇదీ. కాకపోతే కడిగే ముందు ప్రతి భాగాన్నీ ఫోటో తీయాలి, ఏ బేరింగు గోళీలు ఎక్కడివో వేరు వేరు డబ్బాల్లో వేసుకోవాలి. పెడళ్ల ఇరుసు తిరిగే అడ్డ గొట్టాన్ని మన షాపుల్లో బీబీ అంటారు. దాని రెండు చివర్లా మరతో బిగించే గిన్నెల్లాంటి ముక్కలు కప్పులు. వాటిలో కుడివైపు కప్పుకు, అంటే చైన్ వీలు వైపు కప్పుకు, ఇంగ్లీషు పద్ధతి సైకిళ్లలో ఎదురు మర ఉంటుంది. మామూలుగా విప్పే దిశలో తిప్పితే అది ఇంకా బిగుస్తుంది. తప్పనిసరి అయితే తప్ప ఆ కప్పును కదపకండి. ఎడమ కప్పు, ఇరుసు తీస్తే మన పనికి చాలు.

ఊడదీయగలిగే వాటిని సాక్ష్యంగా తీసుకోకండి

ఈ తప్పు నేనే చాలా ఏళ్లు చేశాను. మా తాతగారి సైకిలుకు ముదురాకుపచ్చ రంగు వేసి ఉండేది. చైన్ వీలులో మాత్రం మూడు కొంగ తలలు స్పష్టంగా కనిపించేవి. కొంగ ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌కు చెందిన రాలీ కంపెనీ గుర్తు. ఆ ఒక్క ఆధారంతో 'మాది అసలైన నాటింగ్‌హామ్ రాలీ' అని ఇంటికి వచ్చిన ప్రతివారికీ చెప్పేవాణ్ణి. చివరకు ఓవరాయిలింగుకు ఇచ్చినప్పుడు, నేను వెతికి తెచ్చిన రాలీ బీబీ కప్పు రెండు చుట్లు ఎక్కి ఆగిపోయింది. "బాబూ, ఇది రాలీ మర కాదు. బలవంతం చేస్తే మీ ఫ్రేమే పోతుంది" అని మేస్త్రీ కప్పు తీసి నా చేతిలో పెట్టాడు. చైన్ వీలు రాలీదే, ఫ్రేము మాత్రం కాదు. యాభై ఏళ్లలో ఎప్పుడో పళ్లు అరిగితే, షాపులో దొరికిన పాత చైన్ వీలును ఎవరో బిగించారు.

చైన్ వీలు చెప్పే కబురు అందమైనదే. ఇంగ్లండు కంపెనీలైన బీఎస్ఏ, రడ్జ్ సంగతే చూడండి: బీఎస్ఏ చైన్ వీలులో ఆ మూడు అక్షరాలే కోసి ఉంటాయి, రడ్జ్ చైన్ వీలు మధ్యలో చెయ్యి గుర్తు ఉంటుంది. కానీ క్రాంకును, అంటే పెడలు బిగించే చేతిని, ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్ను కొట్టి అయిదు నిమిషాల్లో మార్చవచ్చు కాబట్టి దాని సాక్ష్యానికి విలువ తక్కువ. హబ్బు కూడా అంతే. వెనక చక్రానికి స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు ఉంటే దాని డొల్ల మీద సంవత్సరం చివరి రెండు అంకెలు, నెల అంకె గుద్ది ఉంటాయి. అది ఆ హబ్బు పుట్టిన తేదీ, ఫ్రేముది కావాలని లేదు. సీటు, పెడళ్లు, దీపం, డైనమో సంగతి చెప్పనక్కరలేదు.

ఇంకొక మెలిక ఉంది. బీబీ కప్పు మీదో, గొట్టాలను కలిపే లగ్గు మీదో మూడు తుపాకుల గుర్తు కనిపిస్తే వెంటనే బీఎస్ఏ సైకిలు అనుకోకండి. బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, అంటే బీఎస్ఏ కంపెనీ, తన సొంత సైకిళ్లతో పాటు లగ్గులు, బీబీలు, హబ్బులు వంటి విడిభాగాలను ఇతర తయారీదారులకు కూడా అమ్మేది. లండన్‌లోని చేటర్-లీ కంపెనీ కూడా అదే వ్యాపారం చేసింది. ఆ గుర్తు ముక్క ఎవరిదో చెబుతుంది గాని, ముక్కలను అతికినవాడు ఎవరో చెప్పదు.

ముందు గొట్టాన్ని లోపలి నుంచి చూడండి

ఫోర్కు తీసేశారు కాబట్టి ముందు గొట్టం ఇప్పుడు ఖాళీ. లోపలి పాత గ్రీజును కిరసనాయిలు గుడ్డతో పూర్తిగా తుడిచి, ఒక చివర నుంచి చిన్న టార్చి వేసి రెండో చివర నుంచి చూడండి. పెయింటరు రంధ్రాలను బయట లప్పం పెట్టి నునుపు చేస్తాడు గాని లోపల ఎవరూ నునుపు చేయరు. అందువల్ల బయట అద్దంలా ఉన్న గొట్టంలో కూడా బిళ్ల రివెట్ల రంధ్రాలు లోపల చిన్న గుంటలుగా, లేదా లప్పం పొడుచుకువచ్చిన బొడిపెలుగా కనిపిస్తాయి. వెదురు పుల్ల మీద గుర్తు పెట్టుకుని అవి పై అంచు నుంచి ఎంత దూరంలో ఉన్నాయో కొలవండి. ఆ తరువాత బయటి నుంచి సూదితో లప్పాన్ని గుచ్చి తీస్తే రంధ్రం బయటపడుతుంది.

రంధ్రాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయా, పక్కపక్కన ఉన్నాయా, రెండా నాలుగా, వాటి మధ్యల దూరం ఎన్ని మిల్లీమీటర్లు అన్నవి రాసుకోండి. మీరు అనుమానిస్తున్న కంపెనీ బిళ్ల దొరికితే దాని రంధ్రాలు వీటి మీద సరిగ్గా కూర్చోవాలి. ఒకటి కూర్చుని రెండోది 3 మిల్లీమీటర్లు పక్కకు పోతే ఆ బిళ్ల ఈ ఫ్రేముది కాదు. అసలు రంధ్రాలే లేకపోతే బిళ్లకు బదులు అచ్చుబొమ్మ అంటించిన ఫ్రేము అయి ఉండవచ్చు. ఆ సంగతి కూడా రాసుకోవలసిందే.

ఏటవాలు వెలుగులో పాత అక్షరాల నీడ

రాత్రిపూట గదిలో దీపాలన్నీ ఆర్పేసి, ఫోను టార్చిని గొట్టానికి దాదాపు ఆనించి, వెలుగు గొట్టం పొడవునా జారేటట్టు పట్టుకోండి. పాతకాలపు కంపెనీ అక్షరాలు రంగు మీద అంటించి పైన వార్నీషు పూసిన అచ్చులు. పెయింటరు బద్ధకించి వాటిని పూర్తిగా గీకకుండా రంగు వేసి ఉంటే ఆ అచ్చు అంచు ఒక సన్నని గట్టులా కొత్త రంగులోంచి తేలి కనిపిస్తుంది. మొత్తం పేరు చదవగలిగిన సందర్భాలు అరుదు. కానీ అక్షరాలు ఎన్ని, మొదటిది నిలువు గీతతో మొదలైందా గుండ్రంగా మొదలైందా అన్నది తెలిసినా అనుమానితుల జాబితా సగానికి తగ్గుతుంది. సీటు గొట్టం మధ్యభాగాన్ని కూడా ఇలాగే చూడండి. అక్కడ కంపెనీ ముద్ర ఉండేది.

నంబరు వెతకడం, చదవడం

ఫ్రేము నంబరు ఉండగల చోట్లు కొన్నే: సీటు గొట్టం పైన లగ్గు పక్కన లేదా వెనక, బీబీ గొట్టం అడుగున, వెనక చక్రం ఇరుసు పట్టే పలకల మీద, ముందు గొట్టం మీద. ఫోర్కు కాడ మీద కూడా చూడండి, ఎందుకంటే కొందరు తయారీదారులు అదే నంబరును అక్కడా గుద్దేవారు. రెండు నంబర్లూ కలిస్తే ఫోర్కు, ఫ్రేము పుట్టుక నుంచీ జంటేనని తెలుస్తుంది.

రంగు గుంటల్లో నిండిపోయి ఉంటే ఆ ఒక్క చోట మాత్రమే థిన్నరు తడిపిన గుడ్డను పది నిమిషాలు చుట్టి ఉంచి, మెత్తబడిన రంగును వెదురు పుల్లతో, పాత పళ్ల బ్రష్షుతో తీయండి. ఇనుప బ్రష్షు, గ్రైండరు చక్రం దగ్గరకు రానివ్వకండి. ఆరిన తరువాత మెత్తని ముగ్గుపిండిని వేలితో రుద్ది, పైపైన తుడవండి. పిండి గుంటల్లో నిలిచి అంకెలు తెల్లగా లేస్తాయి. పల్చని కాగితం పెట్టి పెన్సిలుతో అడ్డంగా రుద్దితే ఒక ప్రతి కూడా మీ దగ్గర ఉంటుంది. 3, 8 ఒకదానిలా మరొకటి కనిపిస్తాయి, 1, 7 కూడా అంతే. మూడు వేర్వేరు కోణాల నుంచి చదివి, మూడుసార్లూ ఒకటే వస్తేనే రాసుకోండి.

అయితే సైకిలు మీద ఉన్న ప్రతి అంకె కంపెనీది కాదు. అద్దె సైకిళ్ల షాపులవాళ్లు తమ వరస నంబరు గుద్దించేవారు. ఇత్తడి బిందెల మీద పేర్లు కొట్టే మనిషి చేతనే సైకిలు మీద ఇంటిపేరు పొడి అక్షరాలు కొట్టించుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. అలాంటి కొట్టుడులో గీత చుక్కచుక్కలుగా, వంకర టింకరగా నడుస్తుంది. కంపెనీ అచ్చులో ప్రతి అంకె ఒకే దెబ్బతో, ఒకే లోతుతో పడుతుంది. మునిసిపాలిటీలు, పంచాయతీలు సైకిలు పన్ను కట్టించుకుని ఇచ్చిన బిళ్ల ఎక్కడైనా మిగిలి ఉంటే జాగ్రత్త చేయండి. అందులోని సంవత్సరం సైకిలు పుట్టిన ఏడు కాదు, కానీ అప్పటికి అది రోడ్డు మీద ఉందనడానికి గట్టి రుజువు.

నంబరు ఒక్కటే పెట్టుకుని కంపెనీని చెప్పలేమని కూడా తెలుసుకోండి. ఆరు అంకెల సంఖ్య ఎన్నో కంపెనీల వరసల్లో ఉంటుంది. కంపెనీ తెలిసిన తరువాత సంవత్సరం తేల్చడానికే అది పనికివస్తుంది. దీనికి ఒక మినహాయింపు అక్షరాలతో మొదలయ్యే నంబర్లు. 1973 నుంచి రాలీ నంబర్లలో మొదటి అక్షరం కర్మాగారాన్ని చెబుతుంది, ఎన్ అంటే నాటింగ్‌హామ్, డబ్ల్యూ అంటే వర్క్‌సాప్. రెండో అక్షరం ఏడాదిలో ఏ కాలమో, తరువాతి అంకె ఏ సంవత్సరమో చెబుతాయి.

మర చుట్లు లెక్కపెట్టండి

నా అనుభవంలో అన్నిటికంటే నిజాయితీ గల సాక్షి ఇదే. రంగు మరలోకి పోదు, పోయినా తుడిస్తే పోతుంది, మరను మార్చడానికి పెయింటరుకు పనీ లేదు.

ఇంగ్లండులో చాలామంది తయారీదారులు ఫోర్కు కాడకూ బీబీకీ అంగుళానికి 24 చుట్ల మర కోసేవారు. రాలీ మాత్రం తన కర్మాగారంలో 26 చుట్ల మర పెట్టుకుంది. తేడా చిన్నదే అయినా కొలవడం సులభం. ఫోర్కు కాడ మరను కిరసనాయిలుతో శుభ్రంగా తోమి, దాని మీద పల్చని కాగితం గట్టిగా నొక్కి రుద్దండి. కాగితం మీద పడిన గీతల పక్కన ఉక్కు స్కేలు పెట్టి సరిగ్గా అర అంగుళంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి: 12 వస్తే మామూలు ఇంగ్లీషు మర, 13 వస్తే రాలీ మర. నమ్మకం కుదరకపోతే లేతు మిషను షాపులో మర కొలిచే గేజు ఉంటుంది. 24 అని, 26 అని రాసిన రెండు రేకులను మర మీద పెట్టి వెలుతురుకు ఎదురుగా చూస్తే, సరిపోయిన రేకు కింద నుంచి కాంతి రాదు.

తరువాత బీబీ గొట్టం అంచు మీది రంగును కొద్దిగా గీకి, ఎడమ అంచు నుంచి కుడి అంచు వరకు వెడల్పును వెర్నియరుతో కొలవండి. మామూలు ఇంగ్లీషు బీబీ 68 మిల్లీమీటర్లు. 26 చుట్ల రాలీ బీబీలు 71 లేదా 76 మిల్లీమీటర్లు ఉంటాయి. రెండు కొలతలూ ఒకే మాట చెబితే ఆ మాటను గట్టిగా పట్టుకోవచ్చు. ఫోర్కు 26 అని, బీబీ 24 అని చెబితే ఫోర్కు ఎప్పుడో మారిందని అర్థం. అప్పుడు బీబీ మాటే వినాలి.

ఇక్కడ కూడా తొందరపడకూడదు. 26 చుట్లు వచ్చిందంటే అది రాలీ మరే గాని, బిళ్ల మీద రాలీ అనే పేరే ఉండేదని కాదు. ఇంగ్లండులోనే పుట్టిన హంబర్ సైకిళ్లు 1932లో, రడ్జ్ సైకిళ్లు 1943లో, బీఎస్ఏ సైకిళ్లు 1957లో రాలీ చేతికి వచ్చాయి. ఒకే కర్మాగారంలో తయారై వేరు వేరు పేర్లతో అమ్ముడైన ఫ్రేములు ఎన్నో ఉన్నాయి. మరొక ప్రమాదం, ఎవరో ఒకరు పాత మర పాడైతే కొత్తగా కోయించి ఉండటం. మా సైకిలు ఎడమ వైపు అంచులో రెండు చుట్లు అలాగే నలిగి ఉన్నాయి, గతంలో ఎవరో సరిపడని కప్పును బలవంతాన ఎక్కించబోయారు. అందుకే అంచు చుట్లను కాకుండా లోపలి చుట్లను కొలవాలి.

ఆకారం

ఫోర్కు రెండు కాళ్లు కలిసే భుజం దగ్గర చూడండి. రాలీ రోడ్‌స్టర్లకు, అంటే రోజువారీ వాడకపు బరువైన సైకిళ్లకు, అక్కడ రెండు గుండ్రని భుజాలు గొట్టాల్లా పొడుచుకువచ్చి ఉంటాయి. హంబర్ అయితే మరింత తేలిక, ఎందుకంటే దాని ప్రసిద్ధమైన ఫోర్కుకు ఒక్కో వైపు రెండేసి సన్నని గొట్టాలు ఉంటాయి; ఎన్ని రంగులు పూసినా అది దాగదు. ఇలాంటి ఒక్క చూపులో పట్టుబడే లక్షణం లేని ఫ్రేములే ఎక్కువ. వాటికి లగ్గుల అంచు వంపు, సీటు దగ్గర వెనక గొట్టాలు ముగిసే తీరు, బ్రేకు కడ్డీ పట్టే కొక్కెం ఫ్రేముకు అతికి ఉందా పట్టీతో బిగించి ఉందా, బీబీ మీద నూనె పోసే రంధ్రం ఉందా అన్నవి దగ్గరగా ఫోటో తీసి పాత కేటలాగు బొమ్మలతో పోల్చాలి. ఆకారాన్ని నకలు కొట్టడం సులభమని మరవకండి; చైనా వారి ఫ్లయింగ్ పిజియన్ కూడా రాలీ రోడ్‌స్టరు నమూనా మీద పుట్టినదే.

రూపాయి బిళ్లంత కిటికీ

ఇప్పటికీ తేలకపోతే రంగులోకి దిగండి. సీటు గొట్టం వెనక వైపు, మడ్‌గార్డు దాచే చోట, రూపాయి బిళ్లంత మేర వాటర్ పేపరును తడిపి, మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ రుద్దండి. చెట్టు మొద్దులో వలయాల్లా పొరలు ఒకదాని చుట్టూ ఒకటి తేలుతాయి. పొడిగా మాత్రం ఎప్పుడూ రుద్దకండి. పాత రంగుల్లో సీసం ఉంటుంది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని పది లక్షల భాగాల్లో 90కి (90 పీపీఎం) పరిమితం చేసిన నిబంధనలే 2016లో వచ్చాయి. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి, పిల్లలను దూరంగా ఉంచండి.

పొరల మధ్య ఎర్రటి రెడాక్సైడు, అంటే రంగుకు ముందు పూసే అడుగు పూత, కనిపిస్తే, సాధారణంగా దాని పైవన్నీ ఇక్కడి షాపుల్లో వేసినవి. అడుగున లోహానికి అంటుకుని గోరుకు లొంగని గట్టి నల్ల పొర ఉంటే అది బట్టీలో కాల్చిన కంపెనీ రంగు. మా సైకిలులో పైన ఆకుపచ్చ, దాని కింద రెడాక్సైడు, దాని కింద నీలం, మళ్లీ రెడాక్సైడు, అట్టడుగున నలుపు వచ్చాయి. ఆ నలుపు దొరికిన చోట కిటికీని నెమ్మదిగా గొట్టం పొడవునా పెంచితే బంగారు గీత తగిలింది: ఒక లావు గీత, పక్కనే వెంట్రుకంత గీత. ఆ గీతల తీరును కూడా కేటలాగులతో పోల్చవచ్చు.

తేలికపాటి విదేశీ ఫ్రేములైతే

విదేశాల్లో ఉండి పాత సామాను సంతలో రేసు ఫ్రేము కొన్నవారికి ఇదే పద్ధతి, కొలతలే వేరు. బీబీ వెడల్పు 70 మిల్లీమీటర్లు, లోపలి మర వ్యాసం 36 మిల్లీమీటర్లు, రెండు వైపులా మామూలు మర అయితే అది ఇటలీ పద్ధతి. 35 మిల్లీమీటర్ల వ్యాసంతో చుట్టుకు ఒక మిల్లీమీటరు చొప్పున, రెండు వైపులా మామూలు మర ఉంటే ఫ్రాన్సు పద్ధతి. వెనక పలకల మీద కాంపాన్యోలో అని ఉంటే అది పలక చేసినవారి పేరు మాత్రమే. అమెరికాలో షికాగో ష్విన్ ఫ్రేమైతే 1965 నుంచి నంబరులో మొదటి అక్షరం నెలను, రెండోది సంవత్సరాన్ని చెబుతుంది. 1970 నుంచి ఆ నంబరును ముందు గొట్టం మీద వెతకాలి.

అడగడం, రాసిపెట్టడం

ఇంగ్లండులోని వెటరన్-సైకిల్ క్లబ్బులో ఒక్కో కంపెనీ చరిత్రను ప్రత్యేకంగా పట్టించుకునే సభ్యులు ఉన్నారు. రాలీ కంపెనీ దస్తావేజులు నాటింగ్‌హామ్‌షైర్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వారికి రాసేటప్పుడు 'మా తాతగారి సైకిలు ఏ కంపెనీదో చెప్పండి' అని రంగు సైకిలు ఫోటో ఒకటి పంపితే ఎవరూ ఏమీ చెప్పలేరు. నంబరు, అది ఉన్న చోటు, మర చుట్లు, బీబీ వెడల్పు, బిళ్ల రంధ్రాల దూరం, ఫోర్కు భుజం ఫోటో, బంగారు గీతల ఫోటో పంపండి.

మా సైకిలు విషయంలో ఇంతవరకు తేలింది ఇదీ: 24 చుట్లు, 68 మిల్లీమీటర్లు కాబట్టి నాటింగ్‌హామ్ రాలీ కాదు, ముందు గొట్టంలో రంధ్రాలు నిలువుగా రెండు, ఫోర్కు కాడ మీద, సీటు లగ్గు మీద ఒకటే నంబరు కాబట్టి ఫోర్కు దానిదే. పేరు ఇంకా దొరకలేదు. ఈ కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, సీటు రాడ్డు దింపే ముందు సీటు గొట్టం లోపల పెట్టాను. మీరూ అలాగే చేయండి, కాకపోతే కవరుకు ఒక దారం కట్టి దాని కొసను పైకి వదలండి. నేను కట్టలేదు, మొన్న కాగితం బయటకు తీయడానికి ఫ్రేమును తలకిందులు చేసి అరగంట తట్టవలసి వచ్చింది.